ఎవరూ రాయని గడి

ఏజాక్స్,
జనవరి 12.

మరిదిగారికి,

ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నప్పటినుంచీ ఉత్తరం ఇలాగే మొదలుపెట్టడం నాకు అలవాటు. మా చెల్లెలు కృప పోయిన ఈ రెండేళ్ళ నుంచీ మాత్రం 'కృప' అన్న మాట దగ్గర చెయ్యి కాసేపు ఆగుతోంది. మీకూ అంతే అయి ఉంటుంది. అయినా ఆ మాట రాయడం మానను.

ఫోన్ ఉండగా కాగితం ఎందుకంటారేమో, మీతో ఫోన్లో మాట్లాడి లాభం లేదు కనుక. మొన్న 'మంచు ఎలా ఉంది' అని అడిగితే 'మంచం బాగానే ఉంది వదినా, పరుపే గట్టిగా ఉంది' అన్నారు. చెవి మిషను సొరుగులో పడేసి మనుషుల్ని ఏడిపించడం మీకు సరదా. ఉత్తరమైతే సగం విని, మిగతా సగం విన్నట్టు తలూపడం కుదరదు.

అసలు సంగతికి వస్తాను. మా స్త్రీల సమాజం వాళ్ళ నీలం అట్ట నోటుబుక్కు మీరు కంప్యూటర్లోకి ఎక్కించారు కదా. నూట అరవై ఇద్దరు పెద్దవాళ్ళ పేర్లు, అడ్రసులు, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, ఎవరికి మెట్లు దిగడం కష్టం, అన్నీ ఇప్పుడు ఒకచోట ఉన్నాయి. సెక్రటరీగా పదకొండేళ్ళలో నేను చెయ్యలేని పని మీరు కాల్గరీలో కూర్చుని మూడు వారాల్లో చేశారు. చిక్కల్లా ఒకటే. నాకు కావలసింది మీకు రాయాలి. మీరు దాన్ని కంప్యూటర్ భాషలో ప్రశ్నగా కట్టి, అడిగి, జాబితా పంపాలి. క్రిస్మస్ ముందు పెద్ద మంచు పడ్డప్పుడు సూపు ఎవరెవరికి పంపాలో అడిగాను. మీ జాబితా వచ్చేసరికి మంచు కరిగి బురదయింది. సూపు మేమే తాగాం.

మళ్ళీ మంచు వస్తుందంటున్నారు. డెబ్భై దాటి, ఒంటరిగా ఉంటూ, మెట్లు దిగలేనివాళ్ళు ఎవరో ఈసారి కాస్త ముందుగా చెప్పండి.

మా అమ్మాయి జెస్లిన్ ఆఫీసు పనిమీద అటు వస్తోంది. దానితో రొయ్యల పచ్చడి పంపుతున్నాను. కృప వేసే కొలతే వేశాను. నూనె సరిపోయిందో లేదో మీరే చెప్పాలి.

మీ వదిన,
జ్ఞానవతి


కాల్గరీ,
జనవరి 24.

వదినగారికి వందనాలు.

మీ అమ్మాయి వచ్చింది. 'బాబాయ్, ఆర్ యూ ఈటింగ్ ప్రాపర్లీ' అని అడిగి, నేను జవాబు చెప్పేలోపు ఫ్రిజ్ తెరిచి చూసింది. నర్సు కూతురు అనిపించుకుంది. పచ్చడి సీసా మూత తియ్యగానే ఆ వాసన వంటగదంతా నిండింది. చాలా రోజుల తర్వాత ఇల్లు ఇల్లులా అనిపించింది.

మీరు అడిగిన జాబితా దీనితో పెట్టాను. పద్నాలుగు మంది. ఇలా నన్ను అడగాల్సి రావడం మాత్రం ఇదే ఆఖరుసారి. పట్టికకి ఒక ఏఐ పనిముట్టు తగిలించాను. ఇకనుంచి తెర పైభాగాన ఒక పెట్టె కనపడుతుంది. మీకు ఏం కావాలో అందులో మామూలు తెలుగులో టైప్ చెయ్యండి, నాకు ఉత్తరం రాసినట్టే. అది మీ మాటని పట్టికకి అర్థమయ్యే ప్రశ్నగా మార్చి, అడిగి, జాబితా మీ ముందు పెడుతుంది.

నేను ఆయిల్ కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసిన పని అదే వదినా. 'ఐదేళ్ళుగా ఎవరూ తనిఖీ చెయ్యని పైపులు ఎన్ని' అని మేనేజరు మామూలు మాటల్లో అడిగేవాడు. నేను దాన్ని ప్రశ్నగా రాసేవాణ్ణి. ఒక్కోసారి పూట పట్టేది. ఇది నాలుగు సెకన్లలో రాస్తోంది. మొదటిసారి చూసినప్పుడు కొంచెం బాధపడ్డాను. తర్వాత కూర్చుని రోజంతా దానితో ఆడుకున్నాను.

మనవాళ్ళ వివరాలు బయటికి పోతాయేమో అని మీకు అనుమానం వస్తుంది. రాకపోతే మీరు మీరే కాదు. ఏ గడిలో ఏముంటుందో, అంటే వయసు, ఊరు, ఆరోగ్యం అన్న శీర్షికలు మాత్రమే దానికి చూపించాను. గడుల్లో ఉన్న మనుషుల్ని చూపించలేదు. ప్రశ్న అది రాస్తుంది, జవాబు మన పట్టికే చెబుతుంది.

నేను అందుబాటులో ఉన్నా లేకపోయినా మీ పని ఆగకూడదని ఈ ఏర్పాటు. జాగ్రత్తగా వాడండి.

మీ మరిది,
యెహెజ్కేలు


ఏజాక్స్,
ఫిబ్రవరి 9.

మరిదిగారికి,

కృపవల్ల క్షేమం. పరువు మాత్రం పోయింది.

నిన్న మా సమాజం వార్షికోత్సవం. ఏటా ఆ రోజున, గడిచిన ఏడాదిలో చనిపోయినవాళ్ళ పేర్లు చదివి, ఒక్కొక్కరికి ఒక్కో కొవ్వొత్తి వెలిగిస్తాం. నేను మీ పెట్టెలో చక్కటి తెలుగులో అడిగాను: 'పోయినేడాది మనల్ని విడిచి పోయినవాళ్ళు.' ఏడు పేర్లు వచ్చాయి. నూట అరవై మందిలో ఎవరున్నారో ఎవరు పోయారో అన్నీ నాకు గుర్తుండవు. పైగా మిషను చెప్పింది కదా అని కాగితం మీదికి ఎక్కించాను.

ఆరో పేరు జనార్ధనరావు గారు. గట్టిగా చదివాను. 'ఆయన నవ్వు మనందరికీ గుర్తుంటుంది' అని నా సొంతంగా ఒక మాట కూడా చేర్చాను. కొవ్వొత్తి వెలిగించారు. ఇంతలో మూడో వరసలోంచి జనార్ధనరావు గారు లేచి నిలబడ్డారు. నేను కూర్చున్నాను.

పోయిన వేసవిలో ఆయన ఓక్‌విల్‌కి మారి, అక్కడి చర్చిలో చేరారు. వార్షికోత్సవం కదా అని మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. 'అమ్మా, ఓక్‌విల్ దూరమే గానీ మరీ అంత దూరం కాదు' అన్నారు. పాస్టరుగారు సహా అందరూ నవ్వారు. తర్వాత ఆ కొవ్వొత్తి ఎవరు ఆర్పాలన్నది పెద్ద ప్రశ్న అయింది. బతికున్న మనిషి కొవ్వొత్తి ఊదెయ్యడానికి ఎవరికీ మనసు రాలేదు. చివరికి ఆయనే వచ్చి ఊదేసి, చల్లారాక జేబులో పెట్టుకుని వెళ్ళారు.

డెబ్భై నాలుగేళ్ళకి నేను మనిషిని చంపాను మరిదిగారూ, అదీ చర్చిలో. దీనికి మీరే జవాబు చెప్పాలి.

మీ వదిన,
జ్ఞానవతి

పచ్చడిలో నూనె సంగతి రాయలేదు.


కాల్గరీ,
ఫిబ్రవరి 20.

వదినగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నవ్వి నవ్వి డొక్కలో నొప్పి వచ్చి సోఫాలో కూలబడ్డాను. కృప ఉంటే ఈపాటికి కాల్గరీలో తెలుగువాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పేది.

తప్పు సగం మీది, సగం నాది. పట్టికలో ప్రతి మనిషికీ ఒక గడి ఉంది: ఉన్నారా, ఊరు మారారా, చనిపోయారా అని. మనం చావుకీ ప్రయాణానికీ ఒకే మాట వాడతాం. 'విడిచి పోయినవాళ్ళు' అనగానే అది రెండు రకాల వాళ్ళనీ కలిపి తెచ్చింది. అనుమానం వచ్చినప్పుడు మిమ్మల్ని తిరిగి అడగమని ఇప్పుడు దానికి చెప్పాను. నేను ముందే చెప్పి ఉండాల్సింది. మీరు చెయ్యాల్సింది ఏమిటంటే, జాబితా కింద బూడిదరంగులో రెండు మూడు లైన్లు ఇంగ్లీషులో ఉంటాయి. అదే అది కట్టిన ప్రశ్న. నమ్మేముందు దాన్ని చదవండి. 'వేర్' అన్న చోటనుంచి చూస్తే చాలు, ఎవరిని ఏరిందో తెలిసిపోతుంది. మందు ఇచ్చేముందు సీసా మీద పేరు చదవరూ, అలాగే.

ఒక్క మాట మాత్రం అక్కడ కొత్తగా ఉంటుంది: 'ఈజ్ నల్'. గడి ఖాళీగా ఉంది అని అర్థం. దీని దగ్గర పెద్ద పెద్దవాళ్ళే బోల్తా పడ్డారు. మా ఆఫీసులో ఒక కొత్త ఇంజనీరు, ఒక పైపు లైన్లో ఒత్తిడి గడి ఖాళీగా ఉంటే, ఒత్తిడి ఏమీ లేదని రిపోర్టు రాశాడు. నిజానికి ఒత్తిడి బోలెడంత ఉంది. ఎవరూ కొలిచి రాయలేదంతే. అప్పటినుంచీ కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఒకటే చెప్పేవాణ్ణి. ఖాళీ అంటే సున్నా కాదు, లేదని కూడా కాదు. ఎవరూ రాయలేదని.

పచ్చడిలో నూనె సరిగ్గా సరిపోయింది. నేను కొంత తిని, మిగిలింది పక్కింటి త్యాగరాజు గారికి ఇచ్చాను. ఆయన లొట్టలేసుకుంటూ తిన్నారు.

మీ మరిది,
యెహెజ్కేలు


ఏజాక్స్,
మార్చి 8.

మరిదిగారికి,

కృపవల్ల అందరం క్షేమం.

ఇప్పుడు నేను ఆ పెట్టెతో రోజూ మాట్లాడుతున్నాను. 'ఆదివారం తీసుకొచ్చే బండి లేక చర్చికి రాలేకపోతున్నవాళ్ళు' అంటే తొమ్మిది మందిని చూపించింది. నలుగురికి ఏర్పాటు చేశాం. 'కారం ఎక్కువ తినేవాళ్ళు' అని అడిగితే, అలాంటి గడి పట్టికలో లేదని మర్యాదగా చెప్పింది. తెలియనిది తెలియదని చెప్పే గుణం చాలామంది మనుషుల్లో చూడలేదు నేను. బూడిదరంగు లైన్లు కూడా చదువుతున్నాను. ఆస్పత్రిలో డాక్టర్ల రాత చదివిన కళ్ళకి ఇదో లెక్కా.

ఒకటి ఒప్పుకుంటాను. మొదట్లో నాకు కోపం వచ్చింది. మీకు ఉత్తరం రాయడానికి ఆ జాబితాలు నాకొక సాకు. ఆ సాకు కూడా తీసేసి, నాతో పని లేకుండా చేసుకుంటున్నారా అనుకున్నాను. ఉత్తరాలు ఆగలేదు కాబట్టి ఊరుకున్నాను.

మొన్న మధ్యాహ్నం కూర్చుని, చాలా రోజులుగా మనసులో ఉన్న ప్రశ్న ఒకటి అడిగాను: 'మనలో ఎవరూ లేనివాళ్ళు ఎవరు?' మళ్ళీ ఏం పొరపాటు చేస్తుందోనని కింద లైన్లు చదివాను. 'వేర్ ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఈజ్ నల్' అని ఉంది. అంటే, ఆపద వస్తే ఫలానా మనిషికి కబురు చెయ్యండి అని రాసుకోడానికి ఒక్క పేరు కూడా లేనివాళ్ళు. బాగానే అర్థం చేసుకుందనుకున్నాను.

పదకొండు మంది వచ్చారు. జనార్ధనరావు గారు ఉన్నారు అందులో. భార్య పోయాక ఆయన ఆ గడి నింపనేలేదట. చివరి పేరు ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: యెహెజ్కేలు. వయసు డెబ్భై ఒకటి. ఊరు కాల్గరీ. ఒంటరి. వినికిడి తక్కువ. నోట్సు గడిలో, 'ఏప్రిల్ 24 సర్జరీ. ఇంటికి తీసుకొచ్చేవారు:' అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఇది ఎవరు మరిదిగారూ? కాల్గరీలో ఈ పేరుతో ఇంకొకాయన ఉంటే చెప్పండి. ఆయనకి కూడా సూపు పంపే ఏర్పాటు చూస్తాను.

మీ వదిన,
జ్ఞానవతి


కాల్గరీ,
మార్చి 18.

వదినగారికి వందనాలు.

మీరు అనవసరంగా కంగారు పడ్డారు. పట్టిక కట్టేటప్పుడు అన్నీ సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసుకోడానికి ఒక ఉత్తుత్తి మనిషిని పెట్టుకుంటాం. వేరేవాళ్ళ పేరెందుకని నా పేరే పెట్టాను. నోట్సు గడిలో ఎంత పడుతుందో చూడ్డానికి నోటికొచ్చింది ఏదో టైప్ చేశాను. తీసెయ్యడం మర్చిపోయాను. వయసు మీద పడుతోంది.

ఇప్పుడు తీసేశాను. మళ్ళీ అడిగి చూడండి, పదిమందే వస్తారు.

ఇక్కడ నిన్న వెచ్చటి చినూక్ గాలి వీచింది. పొద్దున గడ్డకట్టిన రోడ్డు మధ్యాహ్నానికి నీళ్ళు కారుతోంది. ఆ గాలి వచ్చిన రోజున కృపకి తలనొప్పి వచ్చేది, మీకు తెలుసు కదా. పారతో మంచు ఎత్తే పని తప్పినందుకు నేను సంతోషించాను. జెస్లిన్‌ని అడిగానని చెప్పండి.

మీ మరిది,
యెహెజ్కేలు


ఏజాక్స్,
మార్చి 27.

యెహెజ్కేలు గారికి,

ఈసారి మరిదిగారు అనడం లేదు. నిజం చెప్పాక అంటాను.

మళ్ళీ అడిగాను. పదిమందే వచ్చారు. పదకొండో మనిషి పట్టికలోంచి పోయినంత మాత్రాన లోకంలోంచి పోడు కదా.

మీరు రొయ్యల పచ్చడి త్యాగరాజు గారికి ఇచ్చానన్నారు. లొట్టలేసుకున్నారన్నారు. కృప సమాధి కార్యక్రమం రోజున మీ ఇంట్లో భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చున్నది నేనే. పెరుగన్నానికి వేరే గరిటె అడిగి తెప్పించుకున్న మనిషి ఆయన. కోడిగుడ్డు ఉడికిన గిన్నె పక్కన ఉంటే కుర్చీ మార్చుకున్నారు. అబద్ధం ఆడదలచుకుంటే కాస్త మాంసం తినే పక్కింటివాణ్ణి చూసుకోవాల్సింది.

ఆ పచ్చడి మీరు తినలేదు. జనవరి ఉత్తరం మళ్ళీ తీసి చూశాను, వాసన గురించే రాశారు గానీ రుచి గురించి ఒక్క ముక్క లేదు. ఫ్రిజ్‌లో పెరుగు, ఆపిల్ గుజ్జు, ఉడకబెట్టిన బంగాళదుంపలు తప్ప ఏమీ లేవని జెస్లిన్ అప్పుడే చెప్పింది. బద్ధకం అనుకున్నాను. ఫిబ్రవరిలో నవ్వితే డొక్కలో నొప్పి వచ్చిందని రాశారు. నూనె వస్తువు తినడం లేదు, నొప్పి కుడిపక్కన, అప్పుడప్పుడు భుజం దాకా పాకుతోంది. అవునా? పిత్తాశయంలో రాళ్ళు. మిషన్ ఆస్పత్రిలో పదేళ్ళు, ఇక్కడ ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషికి ఉత్తుత్తి మనిషి కథ చెబుతారా?

కృపకి జబ్బు చేసినప్పుడు కూడా నాకు ఆలస్యంగానే చెప్పారు. నేను బాధపడతానని అన్నారు. ఆలస్యంగా తెలిసినందుకే ఎక్కువ బాధపడ్డాను. ఇన్నాళ్ళూ ఆ మాట మీతో అనలేదు, ఇప్పుడు అంటున్నాను. రెండోసారి అలా చెయ్యకండి.

ఇంకేం అడగను. నోట్సు గడిలో ఆ చుక్కల తర్వాత ఏం రాయాలనుకున్నారో అది రాయండి చాలు.

జ్ఞానవతి


కాల్గరీ,
ఏప్రిల్ 8.

వదినగారికి,

అన్నీ సరిగ్గానే చెప్పారు. భుజం కూడా. రొయ్యల పచ్చడి ఇంకా ఫ్రిజ్ వెనకాల అలాగే ఉంది. అప్పుడప్పుడు మూత తీసి చూసి మళ్ళీ పెట్టేస్తున్నాను.

చిన్న సర్జరీయే. పొద్దున వెళితే సాయంత్రానికి పంపేస్తారు. కానీ ఒంటరిగా పంపరు. తీసుకెళ్ళడానికి ఒక మనిషి రావాలి, ఆ రాత్రి ఇంట్లో తోడు ఉండాలి. ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు, సంబంధం ముందే ఫారంలో రాసివ్వాలి. డిసెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి తేదీ ఇచ్చారు. రెండుసార్లూ నేనే ఫోన్ చేసి వాయిదా వేయించుకున్నాను. ఫారం నింపలేకపోయాను.

త్యాగరాజు గారిని అడగొచ్చు. ఆయన భార్య మంచం మీద ఉంది, ఆయనకే తోడు కావాలి. మిగతావాళ్ళు పలకరిస్తే పలికేవాళ్ళే గానీ, ఒక రాత్రి మా ఇంట్లో పడుకోండి అని అడిగే చనువు లేదు. పిల్లలు లేరు. కృప ఉండగా ఆ లోటు తెలియలేదు. మొదట మీ పేరే రాశాను. సంబంధం అన్న గడి దగ్గర ఆగిపోయాను. కృప ఉన్నప్పుడు మీరు నా భార్యకి అక్క. మరి ఇప్పుడో? మధ్య మనిషి వెళ్ళిపోయాక అటూ ఇటూ మిగిలినవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో నాకు తెలియలేదు. పండక్కి ఫోన్ చేసుకోవచ్చు, పచ్చడి పంపించుకోవచ్చు. ఆస్పత్రికి రమ్మని అడిగేంత ఉందా అన్నది తేలలేదు. మీ పేరు కొట్టేశాను.

ఆ నోట్సు గడిలో చుక్కలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఉత్తుత్తి మనిషి అన్నది పూర్తిగా అబద్ధం కాదు వదినా. పట్టిక సరిచూడ్డానికే నా పేరు పెట్టాను. తర్వాత ఒక్కొక్క గడీ నిజమే రాసుకుంటూ పోయాను. మీకు అడిగే పెట్టె కట్టిచ్చింది కూడా అందుకే. నేను ఆస్పత్రిలో ఉంటే మీ ఉత్తరం ఇక్కడ డబ్బాలో పడి ఉంటుంది, అక్కడ సూపు ఆగిపోతుందని. ఏది కావాలన్నా తెలుగులో అడిగెయ్యండి అని మీకు చెప్పినవాణ్ణి, నాకు కావలసింది ఏ భాషలోనూ అడగలేకపోయాను.

మీరు రావద్దు. అక్కడినుంచి ఇక్కడికి నాలుగు గంటల పైన విమానం. మీ మోకాళ్ళు బాగా లేవు. ఈసారి కూడా వాయిదా వేయించుకుంటాను.

రావద్దు అని రాసినదాన్ని మళ్ళీ చదివాను. అబద్ధంలా ఉంది. అయినా కొట్టెయ్యడం లేదు.

యెహెజ్కేలు


కాల్గరీ,
మీ వంటగది,
ఏప్రిల్ 25, మధ్యాహ్నం.

మరిదిగారికి,

మీరు నిద్రపోతున్నారు. గురక బాగానే ఉంది. లేపి మాట్లాడదామంటే చెవి మిషను పెట్టుకోరు. అందుకని మీ బల్ల ముందే కూర్చుని మీకే ఉత్తరం రాస్తున్నాను.

నిన్న మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాక కౌంటర్లో అమ్మాయి నన్ను పిలిచింది. పేరు అడిగింది, చెప్పాను. ఫోన్ నంబరు చెప్పాను. 'రిలేషన్‌షిప్?' అంది. వదిన అన్నాను. ఆ పిల్ల తెర నావైపు తిప్పి చూపించింది. భార్య, భర్త, తల్లి, తండ్రి, బిడ్డ, తోబుట్టువు, స్నేహితులు, ఇతరులు. 'అదర్ అని పెట్టనా?' అంది. నేను అదర్ కాదన్నాను. 'సిస్టర్ ఇన్ లా?' అంది. అలా అంటే మా భాషలో వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు, నలుగురూ వస్తారమ్మా, ఆ నలుగురూ ఒకటే అంటే మా ఇళ్ళల్లో యుద్ధాలవుతాయి అని చెప్పాను. నవ్వింది. స్పెల్లింగ్ అడిగి, పక్కన ఖాళీలో వి, ఏ, డి, ఐ, ఎన్, ఏ అని కొట్టింది. మీ కాగితాల్లో ఉంది, లేచాక చూసుకోండి.

కృప లేకపోతే నేను మీకేమవుతానని అడిగారు. నలభై నాలుగేళ్ళు వదినా వదినా అని పిలిచి ఇప్పుడు అడుగుతారేం? మా ఆయన తరఫు వాళ్ళందరూ పోయారు. నన్ను వదినా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద మీరొక్కరే మిగిలారు. మీరు కూడా సందేహపడి మానేస్తే నేను ఎవరికీ వదినని కాను. కాబట్టి మీ ఒక్కరికోసమే విమానం ఎక్కానని అనుకోకండి. నా పని కూడా ఉంది ఇందులో.

మీరు మళ్ళీ వాయిదా వేయించేలోపే విమానం ఎక్కి, ఆ కోపం అంతా దాచుకుని వచ్చాను. ఆస్పత్రి గౌనులో మిమ్మల్ని చూడగానే ఏడుపొచ్చింది. మీరు చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను కదా, ఇంక దాచినట్టు కాదు.

పొద్దున మీ కంప్యూటర్లో మన పట్టిక తెరిచాను. మీరు తీసేసిన వరస మళ్ళీ కొత్తగా ఎక్కించాను. ఎమర్జెన్సీ కాంటాక్ట్ గడిలో జ్ఞానవతి అని, సంబంధం గడిలో వదిన అని రాశాను. ఖాళీ అంటే ఎవరూ లేరని కాదు, ఎవరూ రాయలేదని మీరే కదా చెప్పారు. రాశాను.

మిగతా పదిమంది సంగతి కూడా చూస్తున్నాను. మా సమాజంలో ఆడవాళ్ళు తలా ఒకరికి తమ పేరు ఇచ్చారు. ఏడుగురి గడులు నిండాయి. ముగ్గురు మిగిలారు. ఇద్దరు తర్వాత చెబుతామన్నారు. మూడో ఆయన జనార్ధనరావు గారు. ఒకసారి తనని చంపి కొవ్వొత్తి పెట్టినవాళ్ళని నమ్మి ఆపద వేళ పిలవలేనంటున్నారు.

పొయ్యి మీద గంజి ఉంది. లేవగానే తాగండి. ఫ్రిజ్‌లో పచ్చడి సీసా నేను తీసి దాచాను. డాక్టరు ఒప్పుకున్న రోజున ఇస్తాను. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను.

మీ వదిన,
జ్ఞానవతి


కాల్గరీ,
మంచం మీదినుంచి,
అదే సాయంత్రం.

వదినా,

మీ కాగితం వెనకే రాస్తున్నాను. మీరు వంటగదిలోంచి మూడుసార్లు ఏదో అన్నారు. ఒక్కటీ వినపడలేదు గానీ, ఇంట్లో ఎవరో ఏదో అంటున్నారని తెలిసింది.

గంజిలో ఉప్పు లేదు. లేకనా, ఎవరూ వెయ్యకనా?

జనార్ధనరావు గారి గడిలో నా పేరు రాయండి. ఆయన్ని చంపింది నా పట్టికే కదా. సంబంధం ఏమని రాయాలో ఆయన్నే అడుగుదాం. నా నంబరు ఇవ్వండి, ఏ వేళనైనా ఫోన్ చెయ్యమనండి.

సొరుగులోంచి చెవి మిషను తెచ్చివ్వండి. పెట్టుకుంటాను.

యెహెజ్కేలు